స్లెడ్ కుక్కల తాళ్ళు, కొక్కేలు ఎలా పరీక్షించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ ఊరికి బయట స్లెడ్ కుక్కలను పెంచే ఒక కెన్నెల్‌లో నాలుగు శీతాకాలాలుగా వారాంతాల్లో పనిచేస్తున్నాను. కుక్కలకు గిన్నెలు పెట్టడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు తాళ్ళు, కొక్కేలు చూసుకునే పని నా చేతికొచ్చింది. ఇక్కడా, కెనడాలోని యూకాన్‌లోనూ, మిన్నెసోటాలోనూ ఉండే మనవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి, యూరప్ ఉత్తరాన ఉన్న లాప్‌లాండ్ టూర్ చేసొచ్చిన బంధువులు అడిగేవి కలిపి రాస్తున్నాను. కుక్క ప్రాణం ఆ తాడుకు వేలాడుతుంది కాబట్టి కొన్నిచోట్ల కాస్త గట్టిగానే చెప్పాను.

స్లెడ్‌కీ కుక్కలకీ మధ్య ఏమేం తాళ్ళు ఉంటాయి?

స్లెడ్ అంటే కుక్కలు లాగే, చక్రాల్లేని మంచు బండి. దాని ముందు భాగంలో బ్రైడిల్ అనే తాడు ఉంటుంది. దానికి ఒక క్యారబైనర్ (గేటులా తెరుచుకునే లోహపు కొక్కెం), దాన్నుంచి గ్యాంగ్‌లైన్. గ్యాంగ్‌లైన్ అంటే జట్టు నడుమ నుంచి ముందుదాకా పోయే పెద్ద మోకు. కుదుపు తట్టుకోవడానికి మోకు మొదట్లో సాగే బంజీ ముక్క ఒకటి వేస్తారు. కుక్కలు మోకుకు రెండు పక్కలా జతలుగా ఉంటాయి. కుక్క ఒంటికి తొడిగే పట్టీల జీను హార్నెస్. దాని వెనక కొసన, తోక మొదలు దగ్గర ఒక లూప్ ఉంటుంది. దానికి తగిలేది టగ్‌లైన్. లాగే బలమంతా దీని మీదే. మెడపట్టీకి తగిలే పొట్టి తాడు నెక్‌లైన్. అది లాగడానికి కాదు, కుక్క వరసలో ఉండడానికి.

అందరికంటే ముందు లీడర్లు, వాటి వెనక స్వింగ్ జత, తర్వాత టీమ్ కుక్కలు, స్లెడ్‌ను ఆనుకుని వీల్ జత. లీడర్ల మెడల మధ్య మోకు ఉండదు, రెండింటినీ ఒకే నెక్‌లైన్ కలుపుతుంది. ఆ లెక్కన 16 కుక్కల జట్టుకు టగ్ స్నాపులు (తాడు కొసన ఉండే స్ప్రింగు కొక్కేలు) 16, నెక్ స్నాపులు 14, లీడర్ల నెక్‌లైన్‌కు రెండు కొసలా రెండు. మొత్తం 32 స్నాపులు. ఇవిగాక బండి నిలపడానికి స్నో హుక్, చెట్టుకో ట్రక్కుకో కట్టడానికి స్నబ్ లైన్.

ఎద్దుబండి తెలిసినవాళ్ళకు ఒక తేడా చెప్పాలి. బండికి నొగ, కాడి ఉంటాయి. ఎద్దు ఆగినా కర్ర కర్రలాగే ఉంటుంది. ఇక్కడ కర్ర అనేదే లేదు, అంతా తాడే. కుక్క ఒక్క అడుగు వెనకపడితే తాడు వదులై కాళ్ళ కింద పడుతుంది, మళ్ళీ ఒక్కసారిగా బిగుస్తుంది. మేం చేసే పరీక్షలన్నీ ఆ బిగిసే క్షణం కోసమే.

కంపెనీవాళ్ళు పరీక్షించే అమ్ముతారు కదా, మళ్ళీ మనమెందుకు?

వాళ్ళు తాడును విడిగా పరీక్షిస్తారు, స్నాప్‌ను విడిగా పరీక్షిస్తారు. కుక్కకు తగిలేది ఆ రెండూ కలిసిన చోటు. తాడు కొసను మడిచి కలిపిన దగ్గర, స్నాప్ రింగు తాడును ఒరుసుకునే దగ్గర, క్యారబైనర్ పక్కకు తిరిగే దగ్గర ఏమవుతుందో పెట్టె మీద అంకె చెప్పదు. పైగా ఆ అంకె వెచ్చని గదిలో, పొడి తాడు మీద, నెమ్మదిగా లాగి తేల్చినది. మా దగ్గర తాడు తడిసి, గడ్డకట్టి, మైనస్ 35లో ఉన్నప్పుడు ఎనిమిది కుక్కలు ఒకేసారి ఎగిరి దూకుతాయి.

ఇంకొకటి. చీటీ మీద రాసింది తెగే బరువా, వాడుకలో మోయదగ్గ బరువా అని ముందు చూడండి. రెండింటి మధ్య అయిదు రెట్లు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. తెగే బరువును మోసే బరువు అనుకుని కొన్నవాళ్ళను చాలామందిని చూశాను.

కుక్కలు నిజంగా అంత బలంగా లాగుతాయా?

పరుగులో ఉన్నప్పుడు ఒక్కో కుక్క లాగేది పెద్ద బరువేం కాదు. ప్రమాదం బయల్దేరేముందు ఉంటుంది. హార్నెస్ వేసిన క్షణం నుంచి కుక్కలు ఆగవు. వెనక్కి ఒక అడుగు వేసి, గాల్లోకి లేచి ముందుకు దూకుతాయి, మళ్ళీ మళ్ళీ.

చిన్న లెక్క చూడండి. అలాస్కన్ హస్కీ ఒక్కొక్కటి 22 కిలోలనుకుందాం. ఎనిమిది కలిపితే 176 కిలోలు. సెకనుకు 3 మీటర్ల వేగంతో అన్నీ కలిసి దూకితే ఆ శక్తి సుమారు 790 జౌళ్ళు. సాగని తాడు దాన్ని 10 సెంటీమీటర్లలో ఆపితే సగటున 800 కిలోల బరువు పడ్డట్టు. అదే శక్తిని బంజీ 60 సెంటీమీటర్లలో ఆపితే 135 కిలోలు చాలు. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం దీనికి రెట్టింపు దాకా పోవచ్చు. ఎనిమిదీ సరిగ్గా ఒకే క్షణంలో దూకవు కాబట్టి అసలు బరువు కొంత తగ్గుతుంది. కానీ తాడును ఆ తగ్గిన లెక్కకు కట్టకూడదు.

బంజీ సుఖానికి వేసేదని అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. కుక్క భుజాలకు, నడుముకు కూడా ఆ తేడా పడుతుంది.

ఇంట్లో పరీక్షించడానికి ఏం కావాలి?

రెండు గట్టి ఆధారాలు కావాలి. మేం రెండు పెద్ద స్ప్రూస్ చెట్లు వాడతాం, బెరడు దెబ్బతినకుండా వెడల్పు పట్టీ చుట్టి. ఒక చేతి వించ్, అంటే తిప్పి తాడును బిగించే యంత్రం. పత్తి బోరాలు తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా, అలాంటి డిజిటల్ కాటా ఒకటి, కనీసం 1000 కిలోలు చూపించేది. ఎర్ర దారం, సూది. పాత కంబళ్ళు రెండు. కళ్ళద్దాలు. ఒక నోటుపుస్తకం.

కంబళ్ళు దేనికని అడుగుతారు. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి వస్తుంది, దాంతోపాటు స్నాపు కూడా రాయిలా వస్తుంది. తాడు మీద తడి కంబళి కప్పితే ఆ ఊపు అక్కడే చచ్చిపోతుంది. తాడుకు నేరుగా ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. వించ్ తిప్పే మనిషి కూడా పక్కకు ఒదిగే తిప్పాలి. పిల్లలను, కుక్కలను అక్కణ్ణుంచి దూరంగా పంపేశాకే మొదలుపెట్టండి.

బరువు పరీక్ష ఎలా చేస్తారు?

ముందు తాడు చేత్తో చూస్తాం, చేతితొడుగు లేకుండా. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని కొస నుంచి కొసదాకా మెల్లగా జారుస్తాం. ఎక్కడైనా గట్టిపడినా, సన్నబడినా, నూగు లేచినా వేలికి తెలుస్తుంది. కంటికి కనబడనివి కూడా తెలుస్తాయి. మా తాతయ్య సంతలో పలుపు కొనేముందు పురి కొంచెం విప్పి లోపలి నార చూసేవాడు. పైన నిగనిగలాడినా లోపల పొడి రాలితే వద్దని పక్కన పెట్టేసేవాడు. ఇక్కడా అదే చేస్తాను. గ్యాంగ్‌లైన్‌కు ఎక్కువగా వాడేది లోపల బోలుగా ఉండే అల్లిక తాడు. రెండు చేతులతో ఎదురెదురుగా నొక్కితే అల్లిక విచ్చుకుంటుంది. లోపల ఇసుక, తెగిన పోగులు కనబడితే ఆ ముక్క పోయినట్టే.

తర్వాత తాడు కొసను ముడి లేకుండా తాడు లోపలికే దూర్చి కలిపిన చోట (దీన్నే స్ప్లైస్ అంటారు), ఆ తోక ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఎర్ర దారంతో ఒక కుట్టు గుర్తు వేస్తాం. రెండు చెట్ల మధ్య తగిలించి వించ్ తిప్పుతాం. మా కెన్నెల్‌లో ఎనిమిది కుక్కల మోకుకు 500 కిలోలు, టగ్‌లైన్‌కు 200 కిలోలు. అయిదు నిమిషాలు అలాగే ఉంచుతాం. వదిలి, మళ్ళీ బిగించి, అలా మూడుసార్లు. అంకె కాటా మీద నిలబడితే సరిపోదు. ఎర్ర దారం గుర్తు కదిలిందా లేదా చూడాలి. ఒక్క మిల్లీమీటరు కదిలినా ఆ కలపడం విప్పి మళ్ళీ చేస్తాం. నెమ్మదిగా జారే స్ప్లైస్ చూడ్డానికి పట్టుకునే ఉంటుంది. 40 కిలోమీటర్ల తర్వాత చటుక్కున ఊడుతుంది.

స్నాప్ తగిలించిన టగ్‌లైన్‌ను ఎప్పుడూ స్నాప్‌తో కలిపే పరీక్షించండి. విడివిడిగా చేస్తే కంపెనీవాళ్ళు చేసిందే మనమూ చేసినట్టు.

ముడి వేస్తే పోదా, స్ప్లైస్ అంత అవసరమా?

ముడి తాడు బలాన్ని మూడోవంతు నుంచి సగం దాకా తినేస్తుంది. మడత పడినచోట బయటి పోగులు బిగుస్తాయి, లోపలివి ఊరికే ఉంటాయి. సరిగా చేసిన స్ప్లైస్ తాడు బలంలో దాదాపు 90 శాతం నిలబెడుతుంది. దానికితోడు మోకుకు వాడే పాలీఎథిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) తాడు నున్నగా ఉంటుంది. పడవ ముడి లాంటివి బిగుతుగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి, బిగుస్తూ వదులవుతూ పోతే తమంతట తామే విప్పుకుంటాయి. మా పని అంతా బిగుసుకోవడం, వదులవడమే.

బోలు తాడు కాబట్టి స్ప్లైస్ చేయడం కష్టం కాదు. ఫిడ్ అనే మొనదేరిన గొట్టంలో తాడు కొస పెట్టి తాడు లోపలికే దూర్చి లాగాలి, అంతే. బరువు పడేకొద్దీ బయటి అల్లిక బిగిసి లోపలి తోకను పట్టేస్తుంది. తోక ఎంత పొడుగుంటే అంత పట్టు. ఖాళీగా ఉన్నప్పుడు తోక బయటికి పాకకుండా నాలుగు కుట్లు వేయండి.

స్నాపులు ఇత్తడివే ఎందుకు ఉండాలి?

మామూలు ఉక్కు తుప్పు పడుతుంది. కొన్ని ఉక్కు రకాలు బాగా చలిలో పెళుసెక్కుతాయి. ఇత్తడికి, కంచుకు ఆ బాధ లేదు. అయితే మార్కెట్‌లో ఇత్తడి రంగు వేరు, ఇత్తడి వేరు.

రెండేళ్ళ కిందట జనవరిలో ఒకచోట నుంచి కొత్త స్నాపులు తెప్పించాను. పచ్చగా మెరుస్తున్నాయి, చేతికి బాగున్నాయి. తాళ్ళు పరీక్షించాను గానీ ఆ స్నాపులను చలిలో పరీక్షించలేదు. ఆరోజు మైనస్ 32. మా దగ్గర ఒక ఈత పిల్లలకు నేనడిగితే మసాలా పేర్లు పెట్టారు. వాటిలో జీరా అని చిన్న ఆడకుక్క, మధ్య వరసలో కుడిపక్క పరుగెడుతోంది. కొండ దిగి మలుపు తిరిగేటప్పుడు టప్ మని చప్పుడైంది. దాని టగ్ స్నాప్ విరిగిపోయింది. టగ్ పోయాక కుక్క మెడతో మాత్రమే జట్టుకు కట్టి ఉంటుంది. మిగతావి పరుగెడుతున్నాయి, జీరా నెక్‌లైన్‌తో ఈడ్చుకుపోతోంది. బ్రేక్ మీద నిలబడి ఆపేసరికి యాభై అడుగులు పట్టింది. మెడ దగ్గర బొచ్చు ఒరుసుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. ఆ రాత్రి దాని పక్కనే గడ్డిలో కూర్చున్నాను.

విరిగిన ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. పైన పసుపు పూత కాగితమంత మందం. లోపల బూడిద రంగు, పంచదార పలుకుల్లా గరుకు. అది జింకు పోత. జింకు పోతలు గడ్డకట్టే చలి దాటితే దెబ్బ తట్టుకునే గుణం బాగా పోగొట్టుకుంటాయి.

జింకా, ఇత్తడా ఎలా కనిపెట్టాలి?

అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, అది రెండింటికీ అంటదు. లోపలి స్ప్రింగుకు అంటి మనల్ని తికమక పెడుతుంది. కనబడని మూలన ఆకురాయితో రుద్దండి. ఎంత లోతుకు పోయినా పసుపే కనబడితే ఇత్తడి. బూడిద రంగు తేలితే జింకు.

రుద్దడం ఇష్టం లేకపోతే తూచండి. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు, పోత జింకు 6.7 దాకా. 85 గ్రాముల స్నాప్‌ను మందు కొలిచే గ్లాసులో వేస్తే ఇత్తడైతే నీళ్ళు 10 మిల్లీలీటర్లు పైకి వస్తాయి, జింకైతే 13 దాకా వస్తాయి.

కొత్తగా వచ్చిన ప్రతి పెట్టెలోంచి ఒక స్నాప్‌ను బలి ఇస్తాం. రాత్రంతా బయట పెట్టి, పొద్దున్నే దాగలి మీద పెట్టి సుత్తితో ఒక దెబ్బ. ఇత్తడి సొట్టపోతుంది, జింకు పగులుతుంది. ఒక్క స్నాప్ పోయినా పెట్టె మొత్తం గురించి తెలుస్తుంది.

చలి పరీక్ష అంటే అదేనా?

కాదు, విరగడం ఒకటి, బిగుసుకుపోవడం ఇంకొకటి. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

నెక్‌లైన్ స్నాప్ కుక్క నోటికి జానెడు దూరంలో ఉంటుంది. కుక్క రొప్పుతూ వదిలే ఆవిరి ఆ స్నాప్ మీదే వాలుతుంది. గంట పరుగు తర్వాత చూస్తే మీసాల మీద, కనురెప్పల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. స్నాప్ బొడిపె జరిగే సన్నని గాడిలో కూడా అదే మంచు. బొడిపె జరగదు, కుక్కను విప్పలేం. అలాంటప్పుడు నోటితో ఊదితే ఇంకాస్త తేమ చేరుతుంది. పెదవి తగిలితే అతుక్కుపోతుంది, దయచేసి ప్రయత్నించకండి. తొడుగు తీసి అరచేతిలో నిమిషం సేపు బిగించి పట్టుకోవడమే మార్గం.

అందుకని పరీక్ష ఇలా: స్నాప్‌ను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, ఒక్కసారి విదిలించి, బయట వేలాడదీస్తాం. మరుసటి పొద్దున దళసరి తొడుగు వేసుకుని తెరుస్తాం. ఒక చేత్తో, అయిదు సెకన్లలో తెరుచుకోవాలి. బొడిపె చిన్నదైతే తొడుగు వేళ్ళకు దొరకనే దొరకదు, అది కూడా ఈ పరీక్షలోనే బయటపడుతుంది. మీ ఊళ్ళో అంత చలి లేకపోతే ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 దాకా ఇస్తుంది, మొదటి వడపోతకు అది చాలు.

నూనె రాయకండి. చలికి నూనె జిగటై ఇంకా పట్టేస్తుంది. పొడి గ్రాఫైట్ వేయొచ్చు. మంచు కరిగించే ఆల్కహాల్ టగ్ స్నాప్‌కు వాడేవాళ్ళున్నారు. కుక్క నాలుకకు అందే నెక్ స్నాప్‌కు మాత్రం ఏ రసాయనమూ వద్దు.

స్ప్రింగే లేని కొక్కెం ఉండదా?

ఉంది, అది వీటన్నిటికంటే పాతది. కర్రతోనో ఎముకతోనో చేసిన గూటం లాంటి ముక్కను లూప్‌లోంచి దూర్చి అడ్డం తిప్పడమే. గ్రీన్‌లాండ్, కెనడా ఆర్కిటిక్ ఇన్యూట్ ప్రజలు గడ్డపు సీల్ చర్మాన్ని పొడుగ్గా కోసి తాళ్ళు చేసుకునేవాళ్ళు, దంతంతోనూ ఎముకతోనూ గూటాలు, రింగులు చెక్కుకునేవాళ్ళు. చెట్లులేని మంచు మైదానాల్లో వాళ్ళ కుక్కలు మనవాటిలా జతలుగా కాకుండా విసనకర్రలా విడివిడి తాళ్ళతో లాగుతాయి. ఇప్పటికీ దూరప్రయాణాల మషర్లు (స్లెడ్ తోలేవాళ్ళు) కొందరు టగ్‌కు గూటమే ఇష్టపడతారు. గడ్డకట్టడానికి అందులో ఏమీ లేదు. ఒకటే ఇబ్బంది, తాడు వదులైతే గూటం జారి బయటికి రావచ్చు. అందుకే గూటాన్ని బిగించి కాదు, వదులు చేసి ఊపి పరీక్షించాలి.

కొండలెక్కేవాళ్ళ క్యారబైనర్ వాడొచ్చా?

వాడొచ్చు, బాగా పనిచేస్తుంది, అల్యూమినియం చలికి పెళుసెక్కదు కూడా. దాని మీద మూడు అంకెలుంటాయి. మామూలు రకానికి నిలువుగా 20 కిలోన్యూటన్లు, అడ్డంగా 7, గేటు తెరిచి ఉంటే 7, ఇవి యూరప్ ప్రమాణం అడిగే కనీసాలు. ఒక కిలోన్యూటన్ అంటే 102 కిలోల బరువు. నిలువుగా రెండు టన్నులు మోసేది పక్కకు తిరిగితే 700 కిలోలకే భయపెడుతుంది. పైన మనం వేసిన 800 కిలోల లెక్క గుర్తుందా?

బ్రైడిల్ దగ్గర మోకు వదులైన ప్రతిసారీ క్యారబైనర్ తిరుగుతుంది. అందుకని మర బిగించే లాక్ ఉన్నదే వాడాలి, అది పక్కకు తిరగకుండా రబ్బరు పట్టీతో ఒకచోట ఉంచాలి. పరీక్షలో దాన్ని పది సార్లు వదిలి బిగించి, ప్రతిసారీ ఏ పక్క తిరిగి ఆగిందో చూడండి. తాళాలగుత్తి కోసం అమ్మే రంగురంగుల క్యారబైనర్లను ఈ పనికి దగ్గరికి రానివ్వకండి.

క్విక్ రిలీజ్ ఎలా పరీక్షించాలి?

క్విక్ రిలీజ్ అంటే ఒక్క లాగుతో తాడును వదిలేసే కొక్కెం. ఇక్కడ ప్రశ్న తలకిందులవుతుంది. నిలబడుతుందా అని కాదు, నిండు బరువు మీద వదులుతుందా అని.

బయల్దేరేటప్పుడు స్లెడ్ వెనక స్నబ్ లైన్ ఒక చెట్టుకు కట్టి ఉంటుంది. కుక్కలు ముందుకు గుంజుతుంటాయి. మషర్ ఒక చేత్తో స్లెడ్ పట్టుకుని ఇంకో చేత్తో క్విక్ రిలీజ్ లాగాలి. ఖాళీగా ఉన్నప్పుడు ముద్దుగా తెరుచుకునే పిన్ను 300 కిలోల బరువు పడితే కదలదు. మనిషి వంగి రెండు చేతులతో దాంతో కుస్తీ పడతాడు. అది చటుక్కున ఊడుతుంది, స్లెడ్ వెళ్ళిపోతుంది, మనిషి అక్కడే ఉంటాడు.

వించ్‌తో 50, 100, 200, 300 కిలోలు పెంచుకుంటూ ప్రతి మెట్టులోనూ తొడుగు చేత్తో లాగి చూడండి. అన్నిటిలోనూ ఒకే తీరుగా వదలాలి. ఆ తర్వాత నీళ్ళలో ముంచి గడ్డకట్టించి మొత్తం మళ్ళీ. బరువు లేనప్పుడు, తాడు ఊగులాడుతున్నప్పుడు దానంతటది తెరుచుకుంటుందేమో కూడా చూడాలి. ఈ మూడూ దాటిన రిలీజ్ దొరకడం కష్టం. దొరికితే అలాంటివే రెండు కొనిపెట్టుకోండి.

నెక్‌లైన్ కూడా అంతే గట్టిగా ఉండాలా?

వద్దు. ఇది కొత్తవాళ్ళకు మింగుడుపడదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. జట్టు చెట్టుకు ఇటుపక్కగా పోతుంటే ఒక కుక్క అటుపక్కగా పోయిందనుకోండి. నెక్‌లైన్ చెట్టుకు తగులుకుంటుంది. వెనక మిగతా జట్టు, స్లెడ్, మనిషి బరువు. ఆ క్షణంలో నెక్‌లైన్ తెగాలి. తెగకపోతే ఆ బరువంతా మెడ మీద పడుతుంది. అందుకే చాలామంది మషర్లు నెక్‌లైన్‌ను సన్నటి తాడుతో చేస్తారు.

మరీ సన్నగా ఉంటే మామూలు పరుగులోనే రోజూ తెగుతుంది. కాబట్టి మేం అంకె కోసం కాదు, వరస కోసం పరీక్షిస్తాం. ఒక నెక్‌లైన్, ఒక టగ్‌లైన్ కొసాకొస కలిపి చెట్ల మధ్య కట్టి తెగేదాకా లాగుతాం. ఎన్నిసార్లు చేసినా నెక్‌లైనే ముందు పోవాలి. కొత్త తాడు వచ్చినప్పుడు, పాత టగ్‌లైన్లు ఒక సీజన్ వాడాక మళ్ళీ ఇదే. టగ్ అరిగిపోయి నెక్‌లైన్ కంటే బలహీనమైతే వరస మారిపోతుంది, ఆ సంగతి కంటికి కనబడదు.

కుక్కలు తాడు కొరికేస్తున్నాయి. లోపల ఉక్కు కేబుల్ ఉన్నవి మంచివా?

కొరుకుడుకు మంచివే. ఎదురుచూసే వేళ ఆత్రం పట్టలేక పది సెకన్లలో తాడు తెంపేసే లీడర్లున్నారు. కానీ దుప్పి జట్టులో దూరినా, కుక్క కాలు చుట్టుకున్నా కత్తితో కోయలేరు. కేబుల్ వాడితే దాన్ని తెంపే కట్టర్ స్లెడ్ హ్యాండిల్ దగ్గరే, చేతికందే చోట ఉండాలి. సంచి అడుగున ఉంటే లేనట్టే. ఆ కట్టర్‌ను కూడా చలిలో తొడుగుతో ఒక పాత ముక్క మీద వాడి చూడండి. తెగిన కేబుల్ పోగులు సూదుల్లా బయటికొస్తాయి కాబట్టి, నూగు కోసం వేళ్ళతో తడిమే పరీక్ష వీటికి తొడుగు వేసుకునే చేయాలి.

నైలాన్, డైనీమా సంగతి?

నైలాన్ నీళ్ళు పీలుస్తుంది, తడిస్తే కొంత బలం తగ్గుతుంది, గడ్డకడితే కర్రలా నిలబడుతుంది. మోకుకు వద్దు. పాలీఎథిలీన్ నీళ్ళు పీల్చదు, మంచు దులిపితే రాలిపోతుంది. డైనీమా అనే గట్టి సింథటిక్ తాడు సన్నగా ఉండి చాలా బరువు మోస్తుంది, కానీ దాదాపు సాగదు, కాబట్టి బంజీ లేకుండా దాన్ని తలవకండి. బాగా జారుడు కూడా, స్ప్లైస్ తోక మామూలు తాడుకంటే చాలా పొడుగు పెట్టాలి.

ఒకటి రెండు కుక్కలతో సైకిల్ మీదో కాలినడకనో పోయేవాళ్ళకు ఇవన్నీ అక్కర్లేదు కదా?

తాడు ఒకటే, మనిషి నడుముకు కట్టి ఉంటుంది, కాబట్టి నిజానికి ఇంకొంచెం శ్రద్ధ కావాలి. బంజీ, స్నాప్, నడుం పట్టీ రిలీజ్, ఈ మూడూ పైన చెప్పినట్టే చూసుకోండి. బంజీని పూర్తిగా సాగదీసి, లోపలి రబ్బరు తెగినా బయటి గుడ్డ తొడుగు బరువు ఆపుతుందా అని చూడటం మర్చిపోవద్దు.

స్నో హుక్ పరీక్ష ఉంటుందా?

ఉంటుంది, కానీ హుక్ కంటే మంచు ముఖ్యం. గట్టిపడిన దారి మీద రెండు కాళ్ళతో తొక్కి దించిన హుక్ బాగా పట్టుకుంటుంది, పొడి మంచులో అదే హుక్ దుక్కిలో నాగలిలా సాగిపోతుంది. హుక్‌ను కలిపే తాడు, దాని స్ప్లైస్ మోకుతో సమానంగా పరీక్షించండి. జట్టును హుక్ ఒక్కదాని మీద వదిలి దూరంగా వెళ్ళకండి.

ఎన్నాళ్ళకు మార్చాలి?

తేదీ చూసి కాదు, చేతికి తగిలేదాన్ని చూసి. ప్రతి పరుగుకు ముందు వేళ్ళతో తడమడం, ప్రతి వారం స్నాపుల బొడిపెలు, నెలకోసారి స్ప్లైస్ గుర్తులు, సీజన్ మొదట్లో పూర్తి బరువు పరీక్ష. ఇడిటరోడ్, యూకాన్ క్వెస్ట్ లాంటివి 1600 కిలోమీటర్ల దాకా నడిచిన పందేలు. అంత దూరం పోయొచ్చిన తాడును మేం పందేనికి మళ్ళీ వాడం, శరత్కాలంలో మంచు పడకముందు నాలుగు చక్రాల ఏటీవీకి కట్టి చేసే సాధనకు కూడా వాడం. ఆ సాధనలో బండి బరువెక్కువ, మట్టి ఇసుక ఎక్కువ, తాళ్ళు అరిగేది అక్కడే.

లాప్‌లాండ్ టూర్‌కి వెళ్తున్నాం. మేం ఏం చూడాలి?

రోవనియెమి, ట్రామ్సో వైపు వెళ్ళే మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తాళ్ళు పరీక్షించే పని మీది కాదు, గైడ్‌ది. మీరు చేయాల్సిందల్లా ఇది: మోకును దాటుకుని అటూ ఇటూ నడవకండి, వదులుగా పడున్న తాడు మధ్యలో కాలు పెట్టకండి. అది ఏ క్షణానైనా బిగుస్తుంది. స్కార్ఫ్, కెమెరా పట్టీ కోటు లోపల దోపుకోండి. ఫోటో కోసం స్నాప్ తీసి పెట్టాలని చూడకండి. స్లెడ్ తోలమని మీ చేతికిస్తే హ్యాండిల్ వదలకండి, పడిపోయినా వదలకండి. బయల్దేరేముందు బ్రేక్, హుక్ ఎక్కడున్నాయో గైడ్‌ను అడిగి ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. అడిగితే వాళ్ళు సంతోషిస్తారు.

హైదరాబాద్‌లో మా హస్కీకి హార్నెస్ వేసి సైకిల్ లాగించొచ్చా?

వద్దండి. ఇక్కడ శరత్కాలంలో 10 డిగ్రీలు దాటితేనే చాలామంది పరుగు కుదించేస్తారు, ఇంకా ఎండెక్కితే ఆపేస్తారు. లాగే కుక్క ఒళ్ళు లోపలినుంచి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చుకోవడానికి దానికి ముఖ్యంగా ఉన్నది నాలుకే. తెల్లవారుజామున నడిపించండి, ఏసీ గదిలో ఆడించండి.

పరీక్షలో తెగిన ముక్కలు ఏం చేస్తారు?

షెడ్డు గోడకు ఒక పలక కొట్టి మేకులకు వేలాడదీస్తాం. ఒక్కోదానికి ఒక అట్టముక్క: తేదీ, చలి ఎంత, ఎన్ని కిలోల దగ్గర, ఎక్కడ తెగింది. కొత్తగా చేరిన హ్యాండ్లర్‌ను (కుక్కలను చూసుకునే పనివాళ్ళను) మొదటిరోజు అక్కడ నిలబెట్టి ఒక్కొక్కటీ చేతికిస్తాం. జీరా స్నాప్ పై వరసలో ఎడమనుంచి మూడోది.